వెనక్కి తిప్పేది ఎవరు?



ఈ వారం ధ్యానానికి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరిచి పెట్టుకోండి. దానిలోకి వెళ్ళేముందు సంఘంలో నెల రోజులుగా నడుస్తున్న ఒక మాట చెప్పాలి. సంక్రాంతి సెలవుల్లో మన యౌవనస్థులను పడవ మాట్లాడుకుని సముద్రం మీదికి తీసుకెళ్ళాలని అనుకుంటున్నాం. కూడికలో ప్రార్థన చేసి ముగించే సంగతిలా మొదలైంది. ఇప్పుడు అదే మాకు వాక్యపాఠంగా మారింది.

మొదట పిల్లలు అడిగింది స్నార్కెలింగ్. మన సంఘానికి చెందిన ఒక కుటుంబం పోర్ట్ బ్లెయిర్‌లో పనిచేసుకుంటూ ఉంది. వాళ్ళు అండమాన్ సముద్రంలో తీసిన వీడియో ఒకటి పంపించారు. కళ్ళకు అద్దాల మాస్కు, నోట్లో ఊపిరి పీల్చుకునే గొట్టం, నీటిమీద బోర్లా తేలుతూ కిందికి చూడటం. అడుగున పగడపు దిబ్బలు, వాటి మధ్య పసుపు, నీలం చేపలు. ఇక మన పిల్లలు ఆగుతారా? “అయ్యగారూ, మనకీ సముద్రం ఉంది కదండీ, మనం కూడా చేద్దామండీ” అన్నారు.

చిన్నప్పటి నుంచి వేట చేసిన మన సంఘపు పెద్దాయన ఒకరిని అడిగాం. ఆయన నవ్వేశారు. “మొగ కాడ నీళ్ళల్లో చెయ్యి ముంచితే మన చెయ్యే మనకి అవుపడదండి అయ్యగారూ. ఇంక చేపలేం అవుపడతాయండి?” అన్నారు.

నిజమే. గోదావరి త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి, దారిలో ఉన్న నేలలన్నిటి మట్టినీ మోసుకుని మన దగ్గర సముద్రంలో కలుస్తుంది. పగడాలకు ఎండ సోకే తేట నీళ్ళు కావాలి. ఒండ్రు పడినా, మంచినీళ్ళు ఎక్కువగా కలిసినా అవి బతకవు. అందుకే వాటిని చూడాలంటే అండమాన్ వెళ్ళాలి. వండూరు దగ్గరున్న మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో జాలీ బాయ్ లాంటి దీవులున్నాయి. అక్కడ కూడా ప్లాస్టిక్ తీసుకురావద్దు, పగడం మీద కాలు మోపవద్దు అని కట్టడి ఉంటుంది.

పిల్లల ముఖాలు చిన్నబోయాయి. అప్పుడు పెద్దాయనే ఇంకో మాట అన్నారు: “ఆ బురదే లేకపోతే మనకి అన్నం లేదండి.” మన వరి పొలం ఆ బురద. మన కొబ్బరి తోట ఆ బురద. కోరంగి మడ అడవి ఆ బురదలోనే వేళ్ళు పైకి చాపి ఊపిరి తీసుకుంటుంది. రొయ్య పిల్ల, పీత పిల్ల ఆ వేళ్ళ మధ్యనే పెరిగి పెద్దవుతాయి. దేవుడు ఒక తీరానికి తేట నీళ్ళు ఇచ్చాడు, మన తీరానికి ఒండ్రు ఇచ్చాడు. పక్కవాడి తీరాన్ని చూసి మన తీరాన్ని తక్కువ చేసుకోనక్కరలేదు.

కాబట్టి స్నార్కెలింగ్ వదిలేసి, కాకినాడ నుంచి పడవ మీద హోప్ ఐలాండ్, తర్వాత కోరంగి మడ అడవులు చూద్దామని అనుకున్నాం. హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున్న ఇసుక దిబ్బ. గోదావరి తెచ్చిన ఇసుకే గత రెండు వందల ఏళ్ళలో అలా దీవిగా పేరుకుంది. సముద్రం ఉప్పొంగినప్పుడు కాకినాడకు అడ్డుగోడలా నిలుస్తుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టే చోటు కూడా అదే. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరంగిలో నీటికుక్కలు, బావురుపిల్లులు ఉన్నాయి. మన ఇంటి ముందున్న సృష్టిని మన పిల్లలే చూడకపోతే ఎలా?

చోటు తేల్చుకోవడం సులువుగానే అయింది. అసలు పరీక్ష లెక్కల దగ్గర వచ్చింది.

పేర్లు ఇచ్చినవారు 46 మంది. మేము చూసిన పడవకు పరిమితి 25 మంది. రెండు పడవలు మాట్లాడితే ఖర్చు రెట్టింపు. ఒక్కొక్కరి వంతు పెరిగితే కూలి పనికి వెళ్ళే ఇళ్ళ పిల్లలు మానేస్తారు. వాళ్ళను విడిచిపెట్టి వెళ్తే అది సంఘ యాత్ర ఎలా అవుతుంది? ఒక పడవ యజమాని చాలా తేలిగ్గా చెప్పేశాడు: “పిల్లలే కదండీ, ఒక్క పడవలో సర్దేద్దామండి. ఎప్పుడూ ఇలాగే తిప్పుతున్నాం.” లైఫ్ జాకెట్ల సంగతి అడిగితే, “పడవలో ఉంటాయండి, కావాలంటే తీసుకోవచ్చు” అన్నాడు.

ఆ మాట కూడికలో చెప్పినప్పుడు మన వాళ్ళలో కొందరు, మంచి విశ్వాసులే, “అయ్యగారూ, మనం ప్రార్థన చేసుకుని బయల్దేరతాం. దేవుడు చూసుకోడా?” అన్నారు. ప్రియులారా, ఈ మాట దగ్గర మనం ఆగాలి. వినడానికి ఇది విశ్వాసంలాగే ఉంటుంది. కానీ దేవాలయ శిఖరం మీద యేసు ప్రభువు చెవిలో అపవాది చెప్పింది కూడా ఇలాంటి మాటే. దూకు, దూతలు పట్టుకుంటారు అన్నాడు. వాక్యం ఎత్తి చూపించి మరీ అన్నాడు. ప్రభువు దూకలేదు. తండ్రి మీద నమ్మకం లేక కాదు, తండ్రిని పరీక్షించడం తప్పని తెలిసి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం చూడండి. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు డాబాకు పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవరైనా పైనుంచి పడిపోతే ఆ రక్తం ఆ ఇంటి మీదికి వస్తుందన్నాడు. ఇశ్రాయేలును కాపాడే దేవుడు కునకడు, నిద్రపోడు అని మనం నమ్ముతాం. ఆ దేవుడే పిట్టగోడ కట్టమన్నాడు. కాపాడేది ఆయనే. గోడ కట్టవలసిన చెయ్యి మాత్రం మనది. పడవకు లైఫ్ జాకెట్ పిట్టగోడ లాంటిది. అది అవిశ్వాసానికి గుర్తు కాదు, పక్కవాడి ప్రాణం మీద ప్రేమకు గుర్తు.

మన గోదావరి ఈ పాఠం చాలా కఠినంగా నేర్పింది. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇళ్ళకు వెళ్తున్న పిల్లలు ఎక్కిన నాటుపడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది. పుస్తకాల సంచులతో బయల్దేరిన ఆడపిల్లలు ఇంటికి చేరలేదు. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబరు 15 ఆదివారం, పాపికొండలు చూడటానికి వెళ్ళిన రాయల్ వశిష్ట అనే బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర వరద నీటిలో మునిగిపోయింది. 26 మంది బయటపడ్డారు. సుమారు 50 మంది ప్రాణాలు పోయాయి. ఒడ్డున ఉన్న కచ్చులూరు గ్రామస్థులు తమ చిన్న పడవలు వేసుకుని ఎదురెళ్ళి, చేతికి దొరికినవారిని లాగి బతికించారు. బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని బయటికి తీయలేకపోయింది. అన్ని రోజులూ ఒడ్డున కూర్చుని ఎదురుచూసిన కుటుంబాలను తలుచుకోండి. ఆ బోటు ఎక్కినవారిలో ఎంతమంది ఆ ఉదయం ప్రార్థన చేసుకుని బయల్దేరి ఉంటారో దేవునికి తెలుసు. వాళ్ళ విశ్వాసాన్ని తూచే త్రాసు మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఒకటే, మన పడవను మనం ఎలా సిద్ధం చేస్తామన్నది.

ఇంకొక సంగతి. మన ఊళ్ళలో మగపిల్లలు వేసవి వస్తే కాలువలో దూకి దూకి ఈత నేర్చుకుంటారు. ఆడపిల్లలకు ఎవరు నేర్పారు? పేర్లు రాసేటప్పుడు “ఈత వచ్చా?” అని అడిగాం. అబ్బాయిలు దాదాపు అందరూ వచ్చన్నారు. 21 మంది అమ్మాయిల్లో ఇద్దరే చేతులెత్తారు. చుట్టూ నీళ్ళున్న ఊళ్ళో పుట్టి కూడా సగం మందికి నీళ్ళలో తేలడం తెలియదు. “మాకు జాకెట్లు ఎందుకండీ, ఈత వచ్చు” అని అబ్బాయిలు అన్నారు. మీరు వేసుకోకపోతే మీ పక్కనున్న చెల్లెలు కూడా సిగ్గుపడి విప్పేస్తుంది, కాబట్టి మీకోసం కాకపోయినా ఆమెకోసం వేసుకోవాలని చెప్పాం. బలవంతులు బలహీనుల భారం మోయాలని పౌలు రోమా సంఘానికి రాసింది ఇలాంటి చోట్లే పనికొస్తుంది.

ఇప్పుడు ఒక అమ్మమ్మ గురించి చెప్పాలి. ఆమె మనవడు పేరు ఇచ్చాడు. ఆమె పంపనంటే పంపనంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుపాను వచ్చినప్పుడు ఆమె భర్త వేటలో ఉన్నాడు. ఆ ఏడాది భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి పల్లెల నుంచి సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదని మీలో పెద్దవాళ్ళకు గుర్తుంది. ఆమెకు భర్త శరీరం కూడా దొరకలేదు. యౌవనస్థులు కొందరు “ముసలామెకి భయం” అని నవ్వారు. మేము ఆమె ఇంటికి వెళ్ళాం. పంపమని ఒప్పించడానికి కాదు, ఆమె భయంలో మేము వినవలసింది ఏముందో వినడానికి.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది. “అయ్యగారూ, గాలి మారితే పడవ వెనక్కి తిప్పమని చెప్పేది ఎవరండి? డబ్బులు కట్టేశాం కదా, ఇంత దూరం వచ్చేశాం కదా అంటే, కాదు, తిప్పు అనేది ఎవరండి?”

మేము జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చి అపొస్తలుల కార్యములు 27 తెరిచాం. ఆ అమ్మమ్మ అడిగిన ప్రశ్నే అక్కడ ఉంది.

పౌలు ఖైదీగా ఓడ ఎక్కాడు. మంచిరేవులు అనే చోటికి చేరేసరికి ఉపవాస దినం దాటిపోయింది, అంటే సముద్రం మీద ప్రయాణం చేసే కాలం అయిపోయింది. పౌలు హెచ్చరించాడు, ఈ ప్రయాణంలో సరుకుకూ ఓడకూ మాత్రమే కాదు, ప్రాణాలకూ నష్టం ఉందన్నాడు. కానీ శతాధిపతి యూలి, ఖైదీ మాట కంటే ఓడ నడిపేవాడి మాటా ఓడ యజమాని మాటా నమ్మాడు. ఆ రేవు చలికాలం గడపడానికి సౌకర్యంగా లేదని ఎక్కువమంది బయల్దేరదామన్నారు. పైగా దక్షిణపు గాలి మెల్లగా వీచింది. ఇంకేం, మన ఆలోచనే సరైనదనుకుని లంగరు ఎత్తారు. కాసేపటికే ఊరకులోను అనే పెనుగాలి కొట్టింది.

జాగ్రత్తగా చూడండి. ఆ ఓడలో అనుభవం ఉన్న నావికులున్నారు, అధికారం ఉన్నవాడున్నాడు, ఎక్కువమంది ఓటు ఉంది, మంచి వాతావరణం కూడా ఉంది. లేనిది ఒక్కటే. “వద్దు” అన్న చిన్నవాడి మాటకు చోటు లేదు. పౌలు ఖైదీ కాబట్టి అతని మాట మాటగా లెక్కకు రాలేదు. మన అమ్మమ్మ ముసలిది, చదువు లేనిది కాబట్టి ఆమె మాట భయంగా లెక్కకు వచ్చింది.

ఆ అధ్యాయంలో ఇంకో లోతైన సంగతి ఉంది. తుపాను మధ్యలో దేవదూత పౌలు దగ్గర నిలబడి, ఓడలో ఉన్న అందరి ప్రాణాలూ నీకు అనుగ్రహించబడ్డాయని చెప్పాడు. వాగ్దానం వచ్చేసింది. 276 మంది బతుకుతారు. తర్వాత పద్నాలుగో రాత్రి నావికులు చిన్న పడవ దించుకుని మెల్లగా పారిపోవాలని చూశారు. అప్పుడు పౌలు ఏమన్నాడు? పోతే పోనీ, దేవుడు మాట ఇచ్చాడు, వీళ్ళు లేకపోయినా బతుకుతాం అన్నాడా? లేదు. వీళ్ళు ఓడలో ఉండకపోతే మీరు తప్పించుకోలేరని సైనికులతో చెప్పాడు. సైనికులు తాళ్ళు కోసేశారు. తెల్లవారేముందు అందరితో రొట్టె తినిపించాడు, ఒడ్డుకు చేరడానికి ఒంట్లో శక్తి ఉండాలి కదా. చివరికి ఈత వచ్చినవాళ్ళు ఈదారు, రానివాళ్ళు పలకలు పట్టుకుని చేరారు. ఒక్కరూ పోలేదు.

దేవుని వాగ్దానం నావికుడి పనిని కొట్టివేయలేదు. తిండిని కొట్టివేయలేదు. పలకను కొట్టివేయలేదు. వాగ్దానం వాటన్నిటి గుండా నడిచి నెరవేరింది. “దేవుడు చూసుకుంటాడు” అన్నప్పుడు ఆయన దేనితో చూసుకుంటాడో కూడా మనం చూడాలి. కచ్చులూరులో ఆయన చేతులు ఆ గ్రామస్థుల చిన్న పడవలు.

అందుకని పెద్దలందరం కూర్చుని కొన్ని తీర్మానాలు చేసుకున్నాం. ఇవి చదివి తల్లిదండ్రులు ఏమైనా కలపాలంటే కలపండి.

మొదటిది, రెండు పడవలు మాట్లాడతాం. పరిమితికి మించి ఒక్కరినీ ఎక్కించం. ఖర్చు పెరిగిన మేరకు బిరియాని మానేసి మన ఆడవాళ్ళు పులిహోర, పెరుగన్నం చేసిస్తామన్నారు. మిగిలింది ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు పంచుకుంటారు. డబ్బు లేదని ఒక్క బిడ్డ కూడా ఆగకూడదు.

రెండవది, పడవ రిజిస్ట్రేషను, ఫిట్‌నెస్ పత్రం, సరంగు లైసెన్సు చూపించినవారితోనే మాట్లాడతాం. “ఎప్పుడూ ఇలాగే తిప్పుతున్నాం” అనేది పత్రం కాదు. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకుంటాం.

మూడవది, లైఫ్ జాకెట్లు రేవులోనే లెక్కపెట్టి, బకిల్ పట్టీ సరిచూసి వేస్తాం. ఒడ్డు దిగేదాకా ఎవరూ విప్పరు, మేము సహా. ఫోటో కోసం కూడా విప్పరు. అందరూ ఒకే వైపుకు పరుగెత్తరు.

నాలుగవది, బయల్దేరే ముందు రెండు రోజులూ, ఆ ఉదయమూ విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం కబురు, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే అలల సూచన చూస్తాం. మత్స్యకారులు వేటకు వెళ్ళని రోజు మనం షికారుకు వెళ్ళం. కోస్ట్ గార్డ్ నంబరు 1554 ప్రతి ఫోనులో ఉంటుంది. ఆటుపోట్ల వేళలు పెద్దాయన చూసి చెబుతారు. పాటు సమయంలో మడ కాలువల్లోకి వెళ్తే పడవ బురదలో కూర్చుంటుంది. సాయంత్రం వెలుగుండగానే తిరిగి రేవుకు చేరతాం. తాబేళ్ళ గుడ్లున్న ఇసుకలో తవ్వటం, చెత్త వేయటం ఉండవు.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది. “వెనక్కి తిప్పండి” అనే హక్కు పడవకు ముగ్గురికి ఇచ్చాం. ఒకరు సరంగు, ఒకరు సంఘ పెద్ద, మూడవవారు ఈత రాని అమ్మాయిల్లో ఒకరు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు అన్నా పడవ తిరుగుతుంది. కారణం చెప్పనక్కరలేదు, వాదన ఉండదు, తర్వాత ఎగతాళి ఉండదు. యాత్ర ఆగిపోతే డబ్బు పోతుందని ముందే అందరికీ చెప్పేస్తున్నాం. ఆ డబ్బు పోవటానికి సిద్ధపడినవాళ్ళే రావాలి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పాడు కదా, వెనక్కి తిరగడానికి అయ్యే ఖర్చు కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

ఈ ఐదూ ఆ అమ్మమ్మకు చదివి వినిపించాం. ఆమె ఇంకా సరేననలేదు. మనవడి పేరు చీటీలో ఉంది, ఆమె మాట రాలేదు. మేము ఒత్తిడి చేయం. ఆ పిల్లవాడు ఇంటి దగ్గర ఉండిపోయినా అతణ్ని ఎవరూ పిరికివాడనకూడదు. ఇన్నేళ్ళుగా ఆమె మోస్తున్నది మనం ఒక సాయంత్రం ప్రార్థనతో తీసి పక్కన పెట్టగలిగింది కాదు.

ప్రియులారా, మీలో చాలామంది రోజూ కోటిపల్లి దగ్గరో, నరసాపురం దగ్గరో పంటు మీద గోదావరి దాటుతున్నవారే. ఈ మాటలు మీకూ వర్తిస్తాయి. పడవ ఎక్కనివాళ్ళకు కూడా ఒక పడవ ఉంది. అది మీ ఇల్లు, మీ అప్పు, మీ పిల్లల పెళ్ళి, మీరు పెట్టబోయే చెరువు. దక్షిణపు గాలి మెల్లగా వీస్తోంది, ఎక్కువమంది పదమంటున్నారు. మీ ఇంట్లో “వద్దు” అనగలిగేవారు ఎవరు? భార్య మాటకు చోటుందా? కూతురి మాటకు ఉందా? మూలన కూర్చున్న తల్లి మాటకు ఉందా? దేవుడు మనల్ని హెచ్చరించాలనుకున్నప్పుడు చాలాసార్లు చిన్న గొంతునే వాడుకుంటాడు.

ప్రార్థించుకుందాం.

సముద్రమునకు ఎల్లలు ఏర్పరచిన తండ్రీ, మా గోదావరిని, మా తీరాన్ని మాకిచ్చినందుకు స్తోత్రం. నీళ్ళలో తమవారిని పోగొట్టుకున్న ప్రతి ఇంటిని ఆదరించు. మా పిల్లల ప్రాణాలను మాకు అప్పగించావు, వాటి విషయంలో నిర్లక్ష్యాన్ని విశ్వాసమని పిలిచే తెగింపు మాలో ఉండనివ్వకు. బయల్దేరే ధైర్యాన్నీ, వెనక్కి తిరిగే వినయాన్నీ మాకివ్వు. మా మధ్య ఉన్న చిన్న గొంతులను వినే చెవులివ్వు. తుపానును గద్దించిన నీ కుమారుడు యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.